పట్టుగుడ్డ కింద నరం

నీళ్లు ఇంకా మరగలేదు. గిన్నె అడుగున చిన్న చిన్న బుడగలు లేచి ఆగిపోతున్నాయి, స్టవ్వుకు ఇంకో నాలుగుసార్లు పంపు కొట్టాలి, కొడుతుందిలే, తొందరేముంది, పద్దెనిమిదేండ్లు ఆగినదానికి పావుగంట ఎక్కువా అనుకుంది సత్యమ్మ. గిన్నెలో గాజు పిచికారి, దాని పక్కన రెండు సూదులు. ఒకటి మొన్న శనివారం తనే సానరాయి మీద నూరి పదును పెట్టినది, చర్మంలోకి దిగితే దిగినట్టే తెలియదు. రెండోది మొండిది, మందు సీసాల రబ్బరు మూతలు పొడిచీ పొడిచీ మొన వంగి గాలం ముల్లులాగా తిరిగింది. దాన్ని మనుషులకు వాడరు. మరి అది గిన్నెలోకి ఎట్లా వచ్చింది? నడిచి వచ్చిందా? సత్యమ్మ చెయ్యే తీసి వేసింది, సత్యమ్మ కండ్లే చూశాయి, ఇప్పుడు ఏమీ ఎరగనట్టు నీళ్లకేసి చూస్తే ఎవరు నమ్ముతారు? బయట వరండాలో మూలుగు మళ్లీ మొదలైంది. పొద్దున బండి ఆగినప్పుడు కూడా ముందు మూలుగే వినబడింది, తర్వాతే మనిషి దిగాడు. గొంతు గుర్తుపట్టడానికి మొహం చూడాల్సిన పని లేకపోయింది. ఆ గొంతు మూలగగా ఎప్పుడూ వినలేదు గానీ, ఆ గొంతు అన్న మాట ఒకటి చెవిలో పదకొండో ఏట పడి అక్కడే ఉండిపోయింది. బుచ్చారెడ్డి పటేలు. నాయిన సచ్చిపోయిన ఊరి పటేలు.

ఆయన తనను గుర్తుపట్టలేదు. ఎందుకు పడతాడు, తెల్లచీర కట్టుకొని, జుట్టు ముడేసుకొని, చేతిలో జ్వరం చూసే గాజుపుల్ల పట్టుకొని నిలబడ్డ ఆడమనిషిని చూసి, తన మోటబాయి గట్టు మీద మట్టి కొట్టుకుపోయి నిలబడ్డ పోరి అని ఎవరనుకుంటారు. వీపు మీద కుడి రెక్క కింద అరచేయంత రాచపుండు, చక్కెర జబ్బు మనిషి, వైద్యుడు ఆకులు కట్టీ కట్టీ కుళ్లబెట్టి వదిలేశాడు. ఈ మిషన్ దవాఖాన తెల్లదొరసాని డాక్టరమ్మ చూడగానే ఈ పూటే కోయాలంది. కోయాలంటే మత్తియ్యాలి. మత్తంటే ఇదివరకటిలా ముక్కు మీద గుడ్డేసి క్లోరోఫారం చుక్కలు పోయడం కాదు, యుద్ధం ముగిసినాక కొత్త మందొచ్చింది, గాజుబుడ్డిలో పసుపు కలిసిన సుద్దలాంటి పొడి, కాచి చల్లార్చిన నీళ్లలో కలిపి నేరుగా నరంలోకి ఎక్కిస్తే మనిషి మాట మధ్యలోనే నిద్రపోతాడు. బంగారంలాంటి మందే. కానీ ఎక్కేటప్పుడు ఒక్కొక్కరికి ప్రాణం తీసినంత నొస్తుంది. మొట్టమొదటిసారి తిమ్మాజిపేట నుంచి వచ్చిన కాంతమ్మకు ముంజేతి వెనక సన్న నరంలో ఎక్కిస్తే, మోచేతి దాకా మిరప్పొడి కూరినట్టుందమ్మో అని బల్ల మీద నుంచి లేచి పారిపోబోయింది. ఆ కేక విన్న రోజు సత్యమ్మకు అన్నం దిగలేదు. ఎవరి కేకైనా ఆమెకు ఒకటే కేకగా వినిపించేది మరి.

అప్పటినుంచి నేర్చుకుంది. డాక్టరమ్మ పుస్తకం చూసి కొంత చెప్పింది, కొంత సత్యమ్మ చేతులకే తెలిసింది. పొడికి నీళ్లు రెట్టింపు కలిపితే మంట సగం తగ్గుతుంది. చన్నీళ్లు పనికిరావు, పిచికారిని కాసేపు అరచేతుల మధ్య పట్టుకొని ఒంటి వేడికి తేవాలి. మోచేతి మడతలో లావుపాటి నరమే చూసుకోవాలి. ముందు వేడినీళ్లలో ముంచి పిండిన గుడ్డ చుట్టి, బొటనవేలితో కింది నుంచి పైకి మెల్లగా రాస్తూ పోతే నరం దానంతటదే పైకి తేలి, ఇగో నేనిక్కడున్నానంటుంది. తర్వాత అన్నిటికంటే పెద్ద సంగతి, ఎక్కించడంలో తొందరపడకూడదు, రోగి ఒక ఊపిరి తీసి వదిలితే ఒక చుక్క, ఇంకో ఊపిరికి ఇంకో చుక్క. ఆ ఊపిరి సంగతి పుస్తకంలో లేదు, అది ఆమెదే. కొల్లాపూర్ మామిడితోటల నుంచి, పాన్‌గల్ చెల్క భూముల నుంచి, గద్వాల దిక్కు నుంచి ఏరు దాటి వచ్చేవాళ్లు కూడా సత్యమ్మ సూదే కావాలని అడుగుతారు. సత్యమ్మ సూది నొయ్యదు, ఆమె చేతిలో దేవుడున్నాడంటారు. దేవుడూ లేడు ఏమీ లేడు. ఆమె చేతిలో ఉన్నది నాయిన చెయ్యి.

ఆ చెయ్యి ఇప్పటికీ కళ్ల ముందే ఉంది, నీళ్లు మరుగుతున్న ఆవిరిలో కూడా. ఎండాకాలం, మోట ఆగకూడదు, చెరకు ఎండిపోతోందని పటేలు గట్టు మీద గొడుగేసుకొని కూర్చున్నాడు. నాయిన మాసయ్య గిరకకు ఆముదం రాస్తున్నాడు. రాసేటప్పుడు ఎడ్లను ఆపుతారు, అందరూ ఆపుతారు. ఆపకురా, నీళ్లు ఆగుతయి, పోనియ్ అన్నాడు పటేలు. ఎడ్లు పల్లానికి దిగాయి, మోకు బిగిసింది, మోకుకూ గిరకకూ మధ్య నాయిన చెయ్యి పోయింది. ఆ చప్పుడు సత్యమ్మ విన్నది, చెరకు గడ నమిలినప్పుడల్లా వినబడుతుందని చెరకు తినడమే మానేసింది. అవ్వ పరుగెత్తి పటేలు కాళ్లకు కొంచెం దూరంలో పడింది, కాళ్ల మీద పడడానికి లేదు గనక. బండి ఇయ్యి పటేలా, మిషన్ దవాఖానకు తీస్కపోత, నీ బాంచెను. బండా? నా బండ్ల మాదిగోడు పండుకొని పోవాల్నా? ఎడ్లకు మైల కడగాలె మల్ల. వైద్యుడు వచ్చాడు గానీ వాకిట్లోనే నిలబడి, ఆకు పసరు చెంబులో నుంచి ఎత్తి పోశాడు, సగం చేతి మీద, సగం నేల మీద. మూడు రోజులు. మూడు రోజులు నాయిన అరిచిన అరుపుకు మాదిగ గేరిలో కుక్కలు కూడా మొరగడం మానేశాయి. రెండోనాడు అవ్వ మళ్లీ పోయింది, సత్యమ్మ కొంగు పట్టుకొని వెంట పోయింది. అప్పుడన్నాడు ఆ మాట, పండ్లలో పుల్ల పెట్టుకొని, తన వైపు చూడకుండానే.

"ఏమైతదే? మీ తోలు మందం. ఓర్సుకుంటడు పో."

నాలుగోనాటి పొద్దున దవడలు బిగుసుకుపోయి నాయిన పోయాడు. అవ్వ హన్మమ్మ ఏడవలేదు, మట్టి చేసి వచ్చి, సత్యమ్మ చెయ్యి పట్టుకొని రెండు రోజులు నడిచి ఈ దవాఖాన గేటు దగ్గర కూర్చోబెట్టింది. గీడ మనుసులను ముట్టుకుంటరంట బిడ్డా, నువ్వు గీడనే ఉండు అంది. ఉంది. బల్లలు తుడిచింది, చదువు నేర్చింది, బాప్తిస్మం తీసుకుంది, ఆదివారం ఆదివారం అందరితో పాటు నిలబడి ప్రార్థన చేసింది. పగవాళ్లను క్షమించే మాట దగ్గరికి వచ్చేసరికి పెదవులు కదిలేవి, గొంతు కదిలేది కాదు. పక్కన నిలబడే ఏసమ్మకు కూడా ఆ సంగతి తెలియదు. దేవుడికి తెలిస్తే తెలియనీ, ఆయన మాత్రం ఆ మూడు రోజులు ఏం చేస్తున్నాడట?

మరిగాయి. నీళ్లు కుతకుతమంటున్నాయి, సూదులు రెండూ గిన్నె అడుగున ఎగిరెగిరి పడుతున్నాయి. చంపాలని లేదు, అది మాత్రం నిజం. ఈ మందు గబుక్కున మొత్తం ఎక్కిస్తే ఊపిరి ఆగిపోతుందని ఆమెకు తెలుసు, ఆ ఆలోచన పొద్దున ఒకసారి వచ్చి కూర్చుంటే లేపి పంపేసింది. సచ్చినోడికి ఏం తెలుస్తుంది? తెలియాలి. నొప్పంటే ఏందో తెలియాలి, అరవాలి, నాయిన అరిచినంత కాకపోయినా నాయిన అరిచినట్టు అరవాలి. దానికి విషం పెట్టాల్సిన పని లేదు, నేర్చుకున్నదంతా వెనక్కి తిప్పితే చాలు. నీళ్లు తక్కువ పొయ్యి. వేడిగుడ్డ చుట్టకు. నరం వెతకకు. మొండి సూది పెట్టు. ఎవరూ తప్పు పట్టరు, డాక్టరమ్మ కూడా, కొందరికి నొస్తుంది సత్యమ్మా, నీవు చింతింపకుము అంటుంది తన పుస్తకం తెలుగులో. పన్నెండేండ్లుగా జనం నొప్పి తగ్గించిన చెయ్యి ఇవాళ ఒక్క పూట ఎదురు నడిస్తే ఆకాశం ఊడి పడుతుందా? పడదు. కానీ ఆ చెయ్యి రేపు మళ్లీ ఇంకొకరి మోచేతి మీద పడాలి కదా, అప్పుడు అది ఎవరి చెయ్యి అవుతుంది? చీ, ఏం ఆలోచనలివి, సూదులు తియ్.

పట్టుకారుతో తీస్తుండగా తలుపు దగ్గర గాజుల చప్పుడైంది. పటేలు పెండ్లాం అలివేలమ్మ. లావుపాటి మనిషి, రాత్రంతా ఏడ్చిన కండ్లు, ఒక చేతిలో కంచు చెంబు, ఇంకో చేతిలో మడతపెట్టిన పసుప్పచ్చ పట్టుగుడ్డ.

"ఓ పిల్లా, సూది నువ్వే ఏస్తవా? దొరసానమ్మ ఎయ్యదా?"

"నేనే ఏస్తనమ్మా."

"మీరెవరోల్లు?"

"మాదిగోల్లం."

అలివేలమ్మ మొహం చిన్నబోయింది. మంచిదో చెడ్డదో గానీ అబద్ధమాడడం తెలియని మొహం. "ఏమనుకోకు బిడ్డా," అంది గొంతు తగ్గించి, "ఆయనకు నేమం శాన. సూదికేం లేదు, అది ఇనుము. చెయ్యి మాత్రం తగలనియ్యకు. ఇగో, పట్టుకు అంటుండదు, గిది చేతి మీద కప్పుత, దాని మీదికెల్లి ఎయ్యి. మిగిలిన మైలకు నేను నీళ్లు చల్లుకుంట."

సత్యమ్మ ఆ గుడ్డను చూసింది. చూసి, నవ్వు రాబోతే ఆపుకుంది. ఇంతసేపూ తను దొంగలాగా మొండి సూది దాచుకొని కూర్చుంటే, వాళ్లు ఇంటి నుంచే నొప్పి కట్టుకొని తెచ్చుకున్నారు! గుడ్డ మీద నుంచి నరం కనబడదు, వేలికి తగలదు. తాకకుండా వేడిగుడ్డ చుట్టలేం, రాయలేం. నొప్పిని తగ్గించేదంతా తాకడంలోనే ఉంది, ఆ తాకడాన్నే వాళ్లు వద్దంటున్నారు. అమ్మా, గట్లయితే ప్రాణం పొయ్యేటట్టు నొస్తది అని ఒక్క మాట చెప్పాలి. ఎవరికైనా చెప్పేదే. చెప్పడానికి నోరు తెరిచింది కూడా.

"అట్లనే అమ్మా," అంది.

బల్ల మీద పటేలు ఎడమ పక్కకు తిరిగి పడుకొని ఉన్నాడు. వీపు పుండు వాసన గదంతా నిండింది. కుడిచెయ్యి చెక్క మీద చాపి, అలివేలమ్మ దాని మీద పట్టుగుడ్డ కప్పి, బయటికి పోయింది. డాక్టరమ్మ మూలన తొట్టి దగ్గర వీపు తిప్పి చేతులు కడుక్కుంటోంది, గడియారం చూసుకుంటూ పది నిమిషాలు తోముకోనిదే ఆమె ఇటు రాదు. వెనక్కి తిరిగి ఒకసారి చూసింది.

"సత్యమ్మా, ఈ వస్త్రమేమి?"

"ఆయననే కోరిండమ్మా."

"నొప్పి కలుగునని చెప్పితివా?"

"చెప్పిన."

అబద్ధం. ఈ గదిలో మొదటి అబద్ధం. ఎంత సులువుగా వచ్చింది, పద్దెనిమిదేండ్ల నుంచి నాలుక కింద తయారుగా కూర్చున్నట్టు. పిచికారికి మొండి సూది బిగించింది. పటేలు కండ్లు మూసుకొని అన్నాడు, "తాకకు పిల్లా, జర దూరంకెల్లి ఎయ్యి." తాకను పటేలా, ఎందుకు తాకుతాను, నీ మాట జవదాటుతానా, నీ ఊళ్లో పుట్టిన దాన్ని. మోచెయ్యి ఎక్కడుంటుందో గుడ్డ మీద గుర్తు చూసి పొడిచింది. వంగిన మొన పట్టుపోగును పట్టుకొని లాగింది, చర్మం దాకా పోయి ఆగింది, నెట్టింది, నరం దొరకలేదు. తీసి మళ్లీ పొడిచింది. ఒక చుక్క మందు నరం బయట పడింది, పటేలు ఒళ్లంతా ఎగిరిపడింది.

"ఓ అవ్వా! సచ్చిన్రో! కాలుతుందే, అవ్వా!"

సంతోషమైందా? అయింది. అబద్ధమెందుకు, గుండెలో ఏదో చల్లగా దిగింది. కానీ అది ఎంతసేపు, రెండు ఊపిర్లు. మూడో ఊపిరికి ఆ అవ్వా అన్న పిలుపు పటేలుది కాదు. ముప్పై ఏండ్ల మాసయ్య కూడా అవ్వా అనే అరిచాడు, వాళ్లవ్వ పోయి ఎన్నో ఏండ్లైనా సరే. ఈ కేకతో ఆ కేక చల్లారుతుందనుకుంది. చల్లారలేదు. ఒక కేక ఉన్న చోట ఇప్పుడు రెండు ఉన్నాయి, రెండోది తను పెట్టించినది. పటేలు ఎడమచెయ్యి గాలిలో దేనికోసమో తడుముకుంది. తడుముకొని తడుముకొని సత్యమ్మ మణికట్టు దొరకబుచ్చుకుంది. అంటూ లేదు, నేమమూ లేదు, మునిగేవాడు పట్టుకున్నట్టు పట్టుకున్నాడు.

"తాకొద్దన్నరు గద పటేలా."

"ఏం గాదు... ఇడ్వకు... గుడ్డ తీసెయ్."

"ఇనబడలే. మల్ల చెప్పుండ్రి."

"గుడ్డ తీసెయ్యమ్మా! నీ కాల్మొక్త, నొయ్యకుంట ఎయ్యి!"

అమ్మా. నీ కాల్మొక్త. ఆ మాట ఆ నోట్లో నుంచి వచ్చింది, ఆమె చెవులారా విన్నది, డాక్టరమ్మ తొట్టి దగ్గర విన్నది, గోడలు విన్నాయి. సత్యమ్మ పట్టుగుడ్డ కొస పట్టి లాగింది. అది జారి నేల మీద పడింది, పడ్డచోటే ఉండనిచ్చింది. ఆమె విడిపించుకుంటుంటే పటేలు వదలడానికి ఒప్పుకోలేదు, ఇప్పుడే వస్తానని చంటిపిల్లలకు చెప్పినట్టు చెప్పాల్సి వచ్చింది. మొండి సూది తీసి చెత్తబుట్టలో పారేసింది, దవాఖాన సొమ్మైనా సరే. చేతులు మళ్లీ కడుక్కుంది. పదును సూది బిగించి, మందులో ఇంకా అన్ని నీళ్లు కలిపి, పిచికారిని అరచేతుల మధ్య పెట్టుకొని వేడి చేసింది. ఇదంతా దయ అనుకుంటున్నారా? కాదు. నొప్పి లేకుండా ఎక్కించాలంటే నెమ్మదిగా ఎక్కించాలి. ఎంత నెమ్మదిగా ఎక్కిస్తే అంతసేపు సత్యమ్మ చెయ్యి బుచ్చారెడ్డి పటేలు చేతి మీద ఉంటుంది. వేడిగుడ్డ చుట్టింది, తీసింది, ఎడమచెయ్యి ఆయన మోచేతి మీద వేసి బొటనవేలితో రాయసాగింది, కింది నుంచి పైకి, కింది నుంచి పైకి. పటేలు ఎడమచెయ్యి మళ్లీ వెతుక్కుంటూ వచ్చి ఆ మణికట్టునే బిగించి పట్టుకుంది, గోళ్లు దిగేటట్టు. పట్టుకో పటేలా, నీకు ఎంత కావాలంటే అంత పట్టుకో. డాక్టరమ్మ తడి చేతులు పైకెత్తి పట్టుకొని వచ్చి నిలబడింది, తొందరపెట్టలేదు. ఇంత పల్చటి తోలు సత్యమ్మ ఎప్పుడూ తాకలేదు. ముసలితనంతో, జబ్బుతో ఉల్లిపొరలాగా ఉంది, కింద నరం నీలంగా, భయం భయంగా కొట్టుకుంటోంది. ఇంత మెత్తని చర్మం మీద కూర్చొనా నువ్వు ఆ మాటన్నావు?

సూది దిగింది. పటేలుకు తెలియనే లేదు. "ఏసినవా?" అన్నాడు.

"ఏసిన. నొస్తుందా?"

"లే."

మత్తెక్కేదాకా అంకెలు చెప్పించడం దవాఖానలో అలవాటు. అంకెలు రానివాళ్లకు ఏదో ఒక పేరు చెప్పుకోమంటారు, దేవుడి పేరో, బిడ్డల పేరో. పటేలుకు అంకెలు బాగానే వచ్చు.

"ఒక పేరు చెప్త. నిద్రొచ్చేదాంక గదే అనుండ్రి. మాసయ్య."

"మాసయ్య," అన్నాడు పటేలు బుద్ధిగా. ఒక చుక్క. "మాసయ్య." ఇంకో చుక్క. మనిషి బతికున్నప్పుడు ఒరేయ్ అని తప్ప పిలవని నోరు అది. మూడోసారి రెప్పలు బరువుగా ఎత్తాడు. "ఏ మాసయ్యే?"

పద్దెనిమిదేండ్లుగా ఈ ప్రశ్నకే జవాబు సిద్ధం చేసుకుంది, బల్లలు తుడుస్తూ, ప్రార్థనలో, నిద్రలో. "మీ మోటబాయికాడి మాసయ్య. గిరకల చెయ్యి పడ్డ మాసయ్య. నేను ఆయన బిడ్డను."

పటేలు పెదవులు కదిలాయి. ఆమె వంగింది.

"నోట్లె... ఎల్లిగడ్డ వాసనొస్తుంది," అన్నాడు, నిద్రపోయాడు.

ఈ మందెక్కితే నోట్లో వెల్లుల్లి రుచి వస్తుంది, అందరికీ వస్తుంది, ఆమెకు తెలిసిన సంగతే. అంతే. విన్నాడో లేదో, గుర్తుందో లేదో, ఇక ఎప్పటికీ తెలియదు. గుర్తులేదేమో. అదే నిజమేమో. నాయిన ఆయనకు ఒక ఎండాకాలం ఆగిపోయిన మోట అంతేనేమో. చేతి పట్టు దానంతటదే వదులైంది. డాక్టరమ్మ కత్తి అందుకుంది. సత్యమ్మ నాడి పట్టుకొని నిలబడింది, పని జరిగినంతసేపూ, గిన్నెడు చీము పోయి గాయానికి గుడ్డ కుక్కి కట్టు కట్టినంతసేపూ. ఊపిరి ఒక్కసారి తడబడితే దవడ పైకెత్తి పట్టుకుంది. బతకాలి వీడు, బతికి ఊరికి పోవాలి, పోయి ఆ బాయి గట్టు మీద కూర్చోవాలి అనుకుంది పండ్లు బిగించి.

తలుపు తీసేసరికి అలివేలమ్మ గడప అవతల చెంబుతో నిలబడి ఉంది. నీళ్లు తొణుకుతున్నాయి.

"బాగున్నడా?"

"బాగున్నడు. గడియల లేస్తడు."

"నీ కడుపు సల్లగుండ." కొంగుతో కండ్లు తుడుచుకుంది. తుడుచుకొని, గదిలోకి తొంగి, నేల మీద పడి ఉన్న పట్టుగుడ్డను చూసింది. మాట మెల్లగా వచ్చింది. "చెయ్యి... తగలలే గద?"

ఏమనాలి? తగలలేదంటే ఇంటికి పోయి హాయిగా ఉంటారు. తగిలిందంటే చెంబెడు నీళ్లతో పోగొట్టుకుంటారు. సత్యమ్మ తన ఎడమచెయ్యి ఆమె ముందుకు చాచింది. మణికట్టు చుట్టూ పటేలు వేళ్ల అచ్చులు ఎర్రగా ఉబ్బి ఉన్నాయి, రెండు గోళ్లు దిగినచోట నెత్తురు చుక్క గట్టింది. అలివేలమ్మ చూసింది. తన మొగుని చెయ్యి ఆమెకు తెలియక పోదు, ఎన్నిసార్లు చూసుకొని ఉంటుందో తన చేతుల మీద.

"ఇదే చేతిని పట్టుకున్నడమ్మా, ఇడ్వలే," అంది సత్యమ్మ. "మా నాయిన సచ్చిపోతుంటే మా అవ్వ మీ బండి అడిగింది. మీ తోలు మందం, ఓర్సుకుంటడు పో అన్నడు పటేలు. జర సూడుండ్రి. ఎట్ల కందిందో సూడుండ్రి."

అలివేలమ్మ ఆ చేతినీ చూసింది, చెంబునూ చూసింది. ఎవరి మీద చల్లాలో తెలియక అట్లాగే నిలబడింది. సత్యమ్మ చెయ్యి వెనక్కి తీసుకోలేదు.